సెమిస్టరు చివరి శాలువా

నేను ఒక శాలువాను. ముదురెరుపు రంగు, రెండు వైపులా జరీ అంచు, చివర్లో కుచ్చులు. చలికి వణికేవాళ్ళకు కప్పడానికి పుట్టినదాన్ని. అలాంటి నేనే ఒక డిసెంబరు మధ్యాహ్నం అందరి ముందూ వణికిపోయాను. ఆ వణుకు ఇప్పటికీ తగ్గలేదు. చెబితే మీరు నమ్ముతారో లేదో, నీ ఉద్యోగం పోయిందన్న కబురు ఒక మనిషికి నేను అందించాల్సి వచ్చింది. నోరున్న వాళ్ళు అంతమంది ఉండి, నోరు లేని నాతో చెప్పించారు.

ఎలా జరిగిందో మొదటినుంచీ చెబుతాను. నేను పుట్టింది లూధియానాలో, ఒక మిల్లులో. అసలైన ఉన్నిదాన్ని. గొప్పకు చెప్పుకోవడం కాదుగానీ, సన్మానాలకు వాడే శాలువాలు చాలావరకు గాలికి ఎగిరే రకం, ఒక్కసారి తడిస్తే రంగు దిగిపోతాయి. నా సంగతి వేరు. బేలులో కట్టి లారీ ఎక్కిస్తే మదనపల్లెలో ఒక బట్టల కొట్లో దిగాను. అక్కడ చలి గట్టిగానే ఉంటుందని విని ఎంతో సంబరపడ్డాను. ఎవరో పెద్దావిడ నన్ను కొనుక్కుంటుంది, పొద్దున్నే గడప దగ్గర కూర్చుని నన్ను కప్పుకుని కాఫీ తాగుతుంది అని ఊహించుకున్నాను. తీరా చూస్తే కొన్నది కాలేజీ వాళ్ళు.

మదనపల్లెకు దగ్గర్లోనే ఉన్న చిన్న డిగ్రీ కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాలు ఏకాంబరం గారు రిటైరవుతుంటే సన్మానానికి నన్ను తెచ్చారు. ఆ పెద్దమనిషి కప్పించుకున్నాడు, ఫొటో దిగాడు, వెంటనే నన్ను మడిచి ఆఫీసు సూపరింటెండెంటు చేతిలో పెట్టేశాడు.

"నాకెందుకప్పా ఇది, ఇంట్లో బీరువా నిండా ఉండాయి. తర్వాత పొయ్యేవాళ్ళకు కప్పండి" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ ఒక్క మాటతో నా బతుకు తెల్లారిపోయింది. అంత పెద్దాయనే తిరిగి ఇచ్చేశాక, తర్వాత వాళ్ళలో ఉంచుకునే ధైర్యం ఎవరికుంటుంది? అదే ఆచారమైపోయింది. కప్పడం, ఫొటో, తిరిగి తీసుకోవడం. మనుషులు ఎవరైనా ఒకసారి మంచితనం చూపిస్తే చాలు, దాన్ని మిగతావాళ్ళ మెడకు చుట్టేస్తారు.

ఆ కాలేజీలో సెమిస్టరు చివరి రోజున లైబ్రరీ హాల్లో సిబ్బంది అంతా కూర్చుంటారు. ప్రిన్సిపాలు ముందు వార్తలు చెబుతారు. ఎవరికి పీహెచ్‌డీ వచ్చింది, ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి పాప పుట్టింది, వరండాకు రంగులు ఎప్పుడు వేయిస్తారు, ఇలాంటివి. తర్వాత గుర్తుచేయడాలు. ఇంటర్నల్ మార్కులు ఎక్కించండి, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వండి, ల్యాబు తాళాలు ఇళ్ళకు తీసుకుపోకండి, గదుల్లో ఫ్యాన్లు ఆపి వెళ్ళండి. ఫ్యాన్లు ఆపండి అన్న మాట లేకుండా ఒక్క సెమిస్టరు కూడా ముగియగా నేను చూడలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు, డిసెంబరు చలిలో సైతం, వాళ్ళ నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అవన్నీ అయ్యాక మిక్చరు, మైసూరుపాకు, టీ.

ఎవరైనా కాలేజీ వదిలి వెళ్తుంటే మాత్రం ఆ రోజు బల్ల మీద నేనుంటాను. నేను కనబడ్డానంటే ఒక మనిషి వెళ్ళిపోతున్నట్టు లెక్క. ఎన్ని భుజాలెక్కానో చెప్పలేను, అయితే ఏ భుజం మీదా టీ చల్లారేదాకా కూడా ఉండలేదు. మీటింగు అయ్యాక గుమ్మం దగ్గర సూపరింటెండెంటు ఖాదర్ బాషా నా ప్లాస్టిక్ కవరు తెరిచి పట్టుకుని నవ్వుతూ నిలబడతాడు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు కలరా ఉండలు వేసి పసిపిల్లలా చూసుకునేవాడు. కాకపోతే నేను పోతే కాలేజీయే పోతుందని ఆయన నమ్మకం. జువాలజీ సారు ఒకాయన రిటైరైనప్పుడు ఉపన్యాసాలు అయ్యేదాకా నా అంచు నిమురుతూనే కూర్చున్నాడు. గుమ్మం దగ్గరికొచ్చి ఆ కవరు చూసి, "మా ఇంటామె ఒకసారి చూసుంటే బాగుండు" అని గొణిగి ఇచ్చేశాడు. ఆ రోజు నాకు ఎంత బాధేసిందో.

ఇక రెడ్డెమ్మ గురించి చెప్పాలి. ఈ కథంతా ఆమెదే. తెలుగు చెప్పే కాంట్రాక్టు లెక్చరరు. ఎవరు రిటైరైనా సన్మాన పత్రం రాసేదీ చదివేదీ ఆమే. ఆమె చదువుతుంటే, తమ పక్కన ఇన్నాళ్ళూ కూర్చున్న మనిషి ఇంత గొప్పవాడా అని మిగతావాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఆ గొప్పవాడు వాళ్ళకంటే ఎక్కువ ఆశ్చర్యపోయేవాడు. ఒక వేసవిలో ఎలుక నా కుచ్చులు కొరికితే, ఎవరూ అడక్కుండానే దారం తెచ్చి కూర్చుని ముడులు వేసింది కూడా ఆమే.

ఆమె ఉద్యోగం సెమిస్టరు సెమిస్టరుకూ పొడిగించే ఉద్యోగం. పదకొండేళ్ళుగా అంతే. ప్రతి మీటింగు తర్వాతా ప్రిన్సిపాలు చెంగల్రాయులు దగ్గరికి వెళ్ళి, పర్మనెంటు సంగతి ఏమైందని మెల్లిగా అడిగేది. ఆయన కూడా అంతే మెల్లిగా, "వచ్చే సెమిస్టర్లో చూద్దాం మేడమ్" అనేవాడు. ఆమె భర్త నరసింహులు టమోటా మండీలో గుమాస్తా. పంట ఉంటే పని, లేకపోతే లేదు. ఆ ఇల్లు నిలబడింది రెడ్డెమ్మ ఉద్యోగం మీదే. ఆ సెమిస్టర్లో, కాలేజీ కమిటీ వాళ్ళు కాంట్రాక్టు వాళ్ళ విషయం తేల్చేశారట అని ఒక మాట స్టాఫ్ రూములో పాకింది. తేల్చేశారంటే మంచిగానే తేల్చుంటారని ఆమె అనుకుంది. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఇంకెలా అనుకుంటుంది?

ఆ రోజు ఖాదర్ బాషా నన్ను తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఈసారి బోటనీ సారు కాబోలు అనుకున్నాను నేను. రెడ్డెమ్మ అందరికంటే ముందు హాల్లోకి వచ్చింది. నన్ను చూసి ఆగింది. వైస్ ప్రిన్సిపాలు సదాశివయ్య కుర్చీలు వేయిస్తూ అక్కడే ఉన్నాడు.

"ఈసారి ఎవరు సార్? నన్ను పత్రం రాయమనలేదే" అని అడిగింది.

"ఈసారి పత్రం వద్దనుకున్నాంలేమ్మా" అంటూ ఆయన టీ సంగతి చూడాలని గబగబా వెళ్ళిపోయాడు. ఆమె నా మడత సరిచేసి, జరీ అంచు పైకి కనబడేలా తిప్పింది. "ఎవరో పాపం, పత్రం గూడా లేకుండా పంపిస్తా ఉండారు" అని తనలో తాను అనుకుంది.

మీటింగు మొదలైంది. వార్తలు అయ్యాయి. మార్కులు, పుస్తకాలు, తాళాలు, ఫ్యాన్లు అయ్యాయి. అప్పుడు చెంగల్రాయులు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంకొక్క వార్త. మన తెలుగు మేడమ్ రెడ్డెమ్మ గారు ఒకసారి ఇట్ల రావాల" అన్నాడు.

ఆమె లేచింది. ఆ ముఖం నేను చూశాను. ఇన్నేళ్ళలో ఆ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. పర్మనెంటు చేశారని, అందుకే తనకు చెప్పకుండా దాచి ఇప్పుడు అందరి ముందూ సన్మానం చేస్తున్నారని ఆమె అనుకుందని నాకు అర్థమైంది. నేనూ అదే అనుకున్నాను, నా మతి మండ. పైట సవరించుకుని నవ్వుతూ వచ్చింది. చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు నన్ను ఆమె భుజాలకు కప్పాడు. ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నా ఉన్నిలోంచి నాకు తెలుస్తోంది.

"పదకొండేండ్లు మన పిల్లోళ్ళకు తెలుగు చెప్పినారు. మనోళ్ళు ఎంతమందికో పత్రాలు రాసినారు. మేడమ్ యాడున్నా సుఖంగా ఉండాలని మనందరి తరఫునా కోరుకుంటా ఉండాను" అన్నాడు ప్రిన్సిపాలు.

రెడ్డెమ్మ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వుతోనే అడిగింది.

"యాడున్నా అంటే ఏంది సార్?"

చెంగల్రాయులు తలతిప్పి సదాశివయ్యను చూశాడు. "మీరు చెప్పలేదా?"

"ఆఫీసు నించి చెప్పుంటారనుకున్నా సార్."

ఖాదర్ బాషా చేతులు నలుపుకున్నాడు. "పెద్దసార్లు చెప్పాల్సిన మాట నేనెట్ల చెప్తా సార్. మీరిద్దర్లో ఎవరో ఒకరు చెప్పుంటారనుకున్నా."

"నేను మీరే చెప్పినారనుకుంటి" అన్నాడు ప్రిన్సిపాలు.

నేను నివ్వెరపోయాను. ఆమెను తీసేయాలని నెల కిందటే తేలిపోయిందట. జనవరి నుంచి తెలుగు క్లాసులు చరిత్ర సారుకు ఇచ్చేశారట. హాల్లో ఉన్న అందరికీ తెలుసు. రోజూ ఆమెతో కూర్చుని అన్నాలు తిన్నవాళ్ళకు తెలుసు. ఇందాక ఆమె అడిగితే టీ పేరు చెప్పి జారుకున్న పెద్దమనిషికి తెలుసు. ఎవరికి వాళ్ళు, ఈ పాడు కబురు నా నోటితో ఎందుకు, ఇంకెవరో చెబుతారులే అనుకున్నారు. నన్ను బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టడం మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు. ఫ్యాన్లు ఆపమని పదిసార్లు గుర్తుచేసే మనుషులకు, ఒక మనిషితో నీ పని పోయిందమ్మా అని చెప్పాలన్నది గుర్తుకు రాకపోవడం ఏమిటి? నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంటే జనవరి నించి నేను రావాల్సిన పన్లేదా?" అంది రెడ్డెమ్మ. చరిత్ర సారు సగం లేచి, ఏం చెప్పాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు. ఆమె భుజాలు నా కింద చల్లబడిపోయాయి. ఉన్నిదాన్ని నేను మీదుండగా ఒక మనిషి అలా చల్లబడటం నాకు తెలియదు.

ఇంతలో ఇంకో ఘోరం. ఫొటో తీయడం ఆ కాలేజీలో కంప్యూటరు సారు పని. ఆయన అలవాటు కొద్దీ ఫోను ఎత్తి, "ఇట్ల చూడండి మేడమ్" అన్నాడు. ఆమె చూసింది. ఆయన తీశాడు. తీశాక, ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది, ఫోను జేబులో పెట్టుకుని తల దించుకున్నాడు. తర్వాత మిక్చరు పొట్లాలు పంచారు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్న ఆమె ముందూ ఒకటి పెట్టారు.

టీ తాగకుండానే ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఖాదర్ బాషా కవరు తెరిచి పట్టుకుని ఉన్నాడు. నవ్వడం లేదు, కానీ చెయ్యి మాత్రం ముందుకు చాపి ఉంది.

"మేడమ్, శాలువా" అన్నాడు, తనకే వినబడనంత మెల్లిగా.

ఆమె ఆ చేతిని చూసింది. "నాకే కదా సార్ కప్పినారు" అంది. అనేసి మెట్లు దిగింది.

ఎవరి భుజం మీదా ఆ గడప దాటినదాన్ని కాదు నేను. వెనక్కి చూస్తే ఖాదర్ బాషా ఇంకా ఆ ఖాళీ కవరు పట్టుకునే నిలబడి ఉన్నాడు. వెనకనుంచి పిలుస్తారేమో అనుకున్నాను. ఎవరూ పిలవలేదు.

బస్సులో ఆమె కూర్చున్న కిటికీ అద్దం మూసుకోలేదు. చలిగాలి రివ్వున కొడుతోంది. ఆమె నన్ను చెవులదాకా లాక్కుంది, తర్వాత ముఖం మీదికి కూడా. నా అంచు తడిసింది. పుట్టి ఇన్నేళ్ళకు ఒక మనిషికి చలి ఆపుతున్నాను కదా అని నాకు సంతోషం వేసింది. వెంటనే, ఏ సమయంలో సంతోషపడుతున్నావే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటి ముందు నరసింహులు సైకిలు తుడుస్తున్నాడు. భార్య భుజాల మీద జరీ శాలువా చూడగానే ముఖం విప్పారింది. "చేసేసినారా పర్మనెంటు? నేను చెప్పలే, ఈసారి చేస్తారని" అంటూ పక్కింటివాళ్ళను పిలవబోయాడు. రెడ్డెమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. "ఎవర్నీ పిలవాకు. లోపలికి రా, చెప్తా" అంది. ఆ మాట చెప్పడానికి కూడా ఆమే దొరికింది.

ఆ తర్వాత నా మకాం ఆ ఇంట్లో, వంటగది గోడకు కొట్టిన కొక్కేనికి. రెడ్డెమ్మ సాయంత్రాలు వరండాలో పిల్లలకు ట్యూషన్లు చెప్పేది. పొద్దున్నే నన్ను కప్పుకుని కాఫీ తాగేది. నేను బట్టల కొట్లో ఊహించుకున్నది అదే. కానీ ఇలా కాదు.

చలికాలం వెళ్ళింది. ఏప్రిల్ వచ్చింది, రోడ్డు మీద తారు కాళ్ళకు అంటుకునేంత ఎండలు. ఒక మధ్యాహ్నం ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకుంది. సదాశివయ్య గొంతు.

"బాగుండారా మేడమ్? ఏం లే, ఈ సెమిస్టర్ మీటింగులో ప్రిన్సిపాల్ సార్ రిటైర్మెంటు. మొదట్నించీ అందరికీ ఆ శాలువానే కప్పుతా వస్తిమి కదా. అది పంపిస్తే బాగుంటాది. అట్లే మీ చేత్తో ఒక పత్రం గూడా రాసిచ్చినారంటే, మీ మాదిరి రాసేవాళ్ళు మాకు యాడ దొరుకుతారు చెప్పండి."

నేను కొక్కేనికి అలాగే బిగుసుకుపోయాను. ఇలా అడగడానికి నోరెలా వచ్చిందో. అవసరమైతే వీళ్ళకు నోరు భలే వస్తుంది.

రెడ్డెమ్మ కోపం తెచ్చుకోలేదు. చేతిలో వంకాయ పూర్తిగా తరిగింది. "పత్రం చరిత్ర సార్‌ను రాయమనండి సార్. తెలుగు ఇప్పుడు ఆయనే కదా చెప్తా ఉండేది."

"అది సరే మేడమ్. మరి శాలువా?"

"శాలువా ఇయ్యలేను సార్. నాకింకా చలిగానే ఉండాది."

అవతల ఫోను పెట్టేసిన శబ్దం. ఆమె లేచి, చేతులు కడుక్కుని, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను ఆపింది. కొక్కేనికున్న నన్ను తీసి భుజాల చుట్టూ కప్పుకుని, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.