కమిటీ వచ్చిన రోజున నా ఊరేగింపు

నేను ఒక మైక్రోస్కోపుని. పుస్తకాల్లో నా పేరు సూక్ష్మదర్శిని. ఇన్నేళ్ళలో ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

నా అద్దాలను జర్మనీలో సానబట్టారు. గడ్డి పరిచిన చెక్కపెట్టెలో ఓడెక్కి మద్రాసు రేవులో దిగి, అక్కడి నుంచి లారీలో కుదుపులు తింటూ ఈ గుట్టల కింది యూనివర్సిటీకి చేరాను. అప్పటికి గోడల సున్నం కూడా ఆరలేదు. ఆ రోజుల్లో ఇది కావాలి అని అడిగితే, ఆలస్యంగానైనా ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. నేను అలా వచ్చినదాన్నే.

నన్ను మొదట చేతిలోకి తీసుకున్నవారు బోటనీ ప్రొఫెసర్ శేషఫణి గారు. నా అద్దాలు తుడవడానికి మామూలు గుడ్డ పనికిరాదని ఇంట్లో ఆవిడ పట్టుచీర చెంగు కత్తిరించి తెచ్చారు. ఆ పూట ఆయనకు ఇంట్లో అన్నం పెట్టలేదని డిపార్టుమెంటంతా చెప్పుకున్నారు. పెట్టకపోతే పోనీండి, ఆ గుడ్డ మెత్తదనం నాకింకా గుర్తుంది.

తర్వాత కాలం మారింది. గ్రాంటు ఏటేటా చిక్కిపోయింది. రిటైరైనవారి కుర్చీలు ఖాళీగానే మిగిలాయి. మీ కాళ్ళ మీద మీరు నిలబడండని పైనుంచి కబురొచ్చింది. ఒంటికాలి మీద నిలబడే నాకు ఆ మాట విని నవ్వొచ్చింది. మా యూనివర్సిటీ పాపం ఏం చేస్తుంది? పెద్ద ఫీజులతో బయోటెక్నాలజీ కోర్సు పెట్టింది, దానికో రంగుల భవనం కట్టింది. ఆ ఫీజులతోనే మా గదిలో కూడా దీపం వెలిగేది కాబట్టి నేను తప్పు పట్టను. వ్యవస్థాపక దినోత్సవం నాడు వైస్ ఛాన్సలర్ గారు ఏడాది ప్రగతి చదివేవారు. అందులో ప్రగతి భాగం పొట్టిదవుతూ, సవాళ్ళ భాగం పొడుగవుతూ వచ్చింది.

చివరికి బోటనీకి దేవదానం ఒక్కడే మిగిలాడు. శేషఫణి గారి శిష్యుడు. కాంట్రాక్టు లెక్చరర్, అంటే ప్రతి వేసవిలోనూ ఉద్యోగం పోయి, దేవుడి దయ ఉంటే మళ్ళీ వచ్చే మనిషి. మామిడిపళ్ళు అమ్మకానికి వచ్చాయంటే ఆయన ముఖం వాడిపోయేది. పాఠం మొదలుపెడితే మాత్రం అదంతా మరిచిపోయేవాడు. అందుకే నాకు ఆయనంటే ప్రాణం.

ఇక నా ఊరేగింపు సంగతి. కొన్నేళ్ళకోసారి తనిఖీ కమిటీ వస్తుంది. అది మంచి గ్రేడు ఇస్తేనే పైనుంచి గ్రాంటు. ఉన్న మంచి మైక్రోస్కోపు నేనొక్కదాన్నే, చూపించాల్సిన డిపార్టుమెంట్లేమో చాలా. అందుకని మావాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. కమిటీ ఒక డిపార్టుమెంటు చూసి బయటికి రాగానే వాళ్ళను చెట్టుకింద కూర్చోబెట్టి టీ ఇస్తారు, జీడిపప్పు ఇస్తారు, శాలువాలు కప్పుతారు. ఈలోగా అటెండర్ ఓబులేసు నన్ను దుప్పట్లో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకుని వెనకదారిన పక్క డిపార్టుమెంటుకు పరిగెత్తుతాడు. అక్కడివాళ్ళు తమ పేరు చీటీ నాకు అతికిస్తారు. ఆ చీటీల జిగురు ఇప్పటికీ నా ఒంటికి అంటుకునే ఉంది.

కిందటిసారి కమిటీ రావడానికి ముందు రిజిస్ట్రార్ గారు దేవదానాన్ని పిలిచి ఉన్నమాట చెప్పేశారు. బోటనీలో పిల్లలు తక్కువ. కమిటీ మెచ్చకపోతే ఈ ఏడు ఎమ్మెస్సీ మూసేస్తాం, చదువుతున్నవాళ్ళను పొరుగు జిల్లా కాలేజీకి పంపుతాం అన్నారు. అంటే దేవదానం ఉద్యోగం పోతుంది. దానికంటే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది మాబున్నీ గురించిన బెంగ. ఆ పిల్ల వాళ్ళ ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునేది. వేరే ఊళ్ళో ఉంచి చదివించడానికి వాళ్ళ నాన్న ఒప్పుకోడు. డిపార్టుమెంటు మూస్తే ఆ పిల్ల చదువూ ముగిసినట్టే.

కమిటీ పెద్ద విశాలాక్షి గారు. బరంపురంలో స్థిరపడిన తెలుగావిడ. బోటనీకి రాగానే మాబున్నీ తను చేసిన స్లైడు నాకు బిగించి చూపింది. వాళ్ళ చేలో మచ్చతెగులు పట్టిన వేరుశనగ ఆకు. పైన గాజుపలక కదలకుండా అంచుల వెంట గులాబీరంగు గోళ్ళరంగు పూసింది. విశాలాక్షి గారు ఆ రంగు చూసి ముచ్చటపడ్డారు, తర్వాత నాలోకి చాలాసేపు చూశారు. దేవదానం ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

అందరూ టీకి కదిలారు. ఓబులేసు దుప్పటితో వచ్చాడు. ఆ తొందరలో స్లైడు తియ్యడం మరిచిపోయారు. నేనేమైనా నోరున్నదాన్నా, చెప్పడానికి?

బయోటెక్నాలజీలో నన్ను ఏసీ గదిలో గాజుబల్ల మీద పెట్టారు. హెడ్ చక్రధర్ గారు పోయినేడే తెప్పించామని చెప్పారు. విశాలాక్షి గారు వంగి చూశారు. చూసి తల ఎత్తలేదు. గులాబీరంగు అంచు మీద ఆవిడ వేలు ఆగింది.

"ఈ స్లైడు ఎవరిది?" అని నెమ్మదిగా అడిగారు.

మా పిల్లలదే అన్నారు చక్రధర్ గారు. అప్పటికే దేవదానం ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. స్లైడు గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. కమిటీ వెంట వచ్చిన వైస్ ఛాన్సలర్ గారు మాట్లాడొద్దన్నట్టు కళ్ళెర్రజేశారు. విశాలాక్షి గారు దేవదానం వైపే చూస్తున్నారు. ఊరుకుంటే గండం గడిచేదేమో. కానీ అది ఆ పిల్ల చేసిన పని. దాన్ని ఇంకొకరిదని చెబుతుంటే ఆయన ఊరుకోలేకపోయాడు.

"అది మా మాబున్నీది మేడమ్. ఈ మైక్రోస్కోపు గూడా ఒగటే ఉండాది. మీరు యాడికి పోతే అది ఆడికి వస్తాది."

విశాలాక్షి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా దగ్గరికి కమిటీ వచ్చినప్పుడు మేం లైబ్రరీ పుస్తకాలు ఇలాగే మోశామయ్యా," అన్నారు. "బీరువాలతో సహా."

గ్రేడు ఒక మెట్టు దిగింది. ఆశపడ్డ గ్రాంటు రాలేదు. వైస్ ఛాన్సలర్ గారు దేవదానాన్ని పిలిచి కొంప ముంచావని తిట్టారు. కాకపోతే బోటనీని మూయవద్దనీ, మైక్రోస్కోపును అక్కడే ఉంచి కావలసినవారే వెళ్ళి చూడాలనీ కమిటీ రాసింది. ఆ మాట నిలబడింది. కాంట్రాక్టు మాత్రం జూన్‌లో రాలేదు. అయినా దేవదానం రోజూ వచ్చి పాఠం చెప్పాడు. వానలు మొదలయ్యాక సంతకం పడింది. వైస్ ఛాన్సలర్ గారిది మంచి మనసని కొందరన్నారు, ఆ జీతానికి ఇంకో మనిషి దొరకడని ఓబులేసు అన్నాడు. రెండూ నిజమే అయ్యుంటాయి.

ఇప్పుడు నేను ఎక్కడికీ పోను. బయోటెక్నాలజీ పిల్లలే మా కురిసే గదికి వస్తారు. మొన్న ఒక అమ్మాయి ముక్కు మూసుకుని వచ్చింది. మాబున్నీ హాస్టలు తొట్టిలోంచి నాచుమొక్క తెచ్చి, దాని లేత ఆకొకటి నా కింద పెట్టి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ అమ్మాయి కాసేపు చూసింది. ముక్కు మీది చెయ్యి ఎప్పుడు తీసిందో తనకే తెలియదు.

"సార్, లోపల ఏందో తిరుగుతాంది. ఇది బతికే ఉందా?"

దేవదానం కిటికీ దగ్గర బకెట్టు సర్దుతున్నాడు. పైకప్పు నుంచి పడే చుక్కలకు సరిగ్గా కిందికి జరిపి, అప్పుడు చెప్పాడు.

"బతికే ఉంటాది మా. మనం చూసినా చూడకపోయినా, అది దాని పని చేసుకుంటానే ఉంటాది."