చీటీల సొరుగు

నిఘంటువు ఆఫీసులో ఆవిడని అందరూ చీటీలమ్మ అనేవారు. ఎక్కడ కొత్త మాట చెవిన పడ్డా ఓ చీటీ మీద రాసి, ఎవరన్నారో, ఏ రోజన్నారో కింద వేసి సొరుగులో పెట్టడం ఇరవై ఏళ్ళుగా ఆవిడ పని. ఇంట్లోనూ ఆ జబ్బు వదల్లేదు. కూర మాడుతున్నా ముందు చీటీ రాయాల్సిందే. తన తిట్లు మాత్రం రాయొద్దని అత్తగారు మేలమాడేది.

ఇప్పుడా సొరుగులకే ముప్పొచ్చింది, "హోయ్ పొలోయ్" అనే మాట పుణ్యమా అని. ఇంగ్లీషు మీదుగా మనకొచ్చిన ఆ మాటకి గ్రీకులో చాలామంది, అంటే మామూలు జనం అని అర్థం. బయట సగం మంది దాన్ని తలకిందులు చేసి డబ్బున్న పెద్దవాళ్ళని అంటున్నారు. వీధి చివర టైలరు కూడా అలాగే అన్నాడు: "ఆ హోయ్ పొలోయ్‌లకి మన కుట్టు కంటికెక్కడ ఆనుతుందమ్మా?" అలాంటి చీటీలు ఆవిడ దగ్గర ఇరవై మూడున్నాయి.

వీధిలోవాళ్ళు తెలియక అంటారనీ, పుస్తకం రాసినవాడెవడూ అలా వాడలేదనీ, మొదట్నుంచీ నిఘంటువుకి సలహాదారైన ప్రొఫెసర్ గారు తేల్చేశారు. సాక్ష్యంగా తన ఆరు చీటీలు బల్లమీద పడేశారు. శుక్రవారం మీటింగులో ఆయన మాట నెగ్గితే ఆ అర్థం నిఘంటువులోకి ఎక్కదు. వీధి మాటల సొరుగులతో ఇక పనేముందని, జాగా కోసం వాటిని పాత కాగితాల వాడికిచ్చేస్తామని సంపాదకురాలు ముందే చెప్పింది.

ఆ సాయంత్రం చీటీలమ్మ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఆయనతో వాదించడానికి నేనేం చదివానత్తయ్యా?"

అత్తగారు నలభై ఏళ్ళు బట్టల కొట్లో చేసిన మనిషి. "గుడ్డ తాను ఇంతుందని ఎంత గొప్పవాడు చెప్పినా నేను టేపు పెట్టకుండా కత్తెర పెట్టలేదే. ఆయన చీటీలు నువ్వు కొలిచావా?"

కొలవలేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే, ఆరింటిలో ఒక్కదానిమీదా పేజీ లేదు, తేదీ లేదు. రచయిత పేరు, పుస్తకం పేరు, ఓ వాక్యం, అంతే. గోడమీద ఇరవై ఏళ్ళనాడు ఆయనే స్వయంగా రాసి అంటించిన కాగితం ఇంకా ఉంది: పేజీ, తేదీ లేని చీటీ చీటీ కాదు. ఆయన్ని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆయన జ్ఞాపకశక్తే పేజీ అనుకున్నారు.

చీటీలమ్మ ఆ ఆరు పుస్తకాలూ అరల్లోంచి దింపి, రెండు రోజులు వాటి మీద పడింది. మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా మూత తీసింది లేదు.

శుక్రవారం ప్రొఫెసర్ గారి మాటలయ్యాక ఆవిడ లేచింది. ఒక్కో పుస్తకం గుర్తుపెట్టిన చోట తెరిచి ఆయన ముందు పెట్టింది. రెండింట్లో ఆయన రాసినట్టే ఉంది. మిగతా నాలుగింట్లో పెద్ద పెద్ద రచయితలే ఆ మాటని దొరలకీ షావుకార్లకీ వాడారు, టైలరు వాడినట్టే. ఆ వాక్యాలు ఎలా ఉండాలని ప్రొఫెసర్ గారనుకున్నారో అలాగే ఆయనకి గుర్తుండిపోయాయి.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. గోడమీది తన రాత కేసి చూశారు.

"ఈ ఆరూ చీటీలు కావు," అన్నారు చివరికి. "నేనే చెప్పానుగా."

సంపాదకురాలు అక్కడికక్కడే పద్దు రాయించింది: మామూలు జనం, వాడుకలో పెద్దవాళ్ళనీ అంటారు, దీనిమీద పేచీ ఉంది. సొరుగులు ఎక్కడివక్కడే ఉంటాయంది. జాగా చాలకపోతే తన గదిలో బీరువా ఖాళీ చేస్తానంది.

రెండో అర్థానికి ఉదాహరణ రాయడానికి ప్రొఫెసర్ గారే కలం తీశారు. "ఎవరి వాక్యం వేద్దామమ్మా?"

"టైలరుది వేయండి," అంది చీటీలమ్మ, ఇరవై మూడు చీటీల కట్ట విప్పుతూ. "రాసుకోండి, తేదీ చెప్తాను."

ఆయన వంగి రాసుకున్నారు.