చిల్లు లేని గ్లౌజు

ఫిన్లాండ్ పడమటి తీరంలో ఒకే జత గ్లౌజులతో నలభై ఒక్క రోజులు పనిచేసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మేస్త్రి కాలెర్వో అందరి ముందూ నా వీపు తట్టి కాఫీ పొట్లం బహుమతి ఇచ్చాడు. గ్లౌజులు ఎక్కువ రోజులు వాడినవాడికి నెలనెలా ఇచ్చే బహుమతి అది.

మాది ఫైబర్ పడవల షెడ్డు. గాజుపీచు మీద రెసిన్ అనే జిగురు పూసి రోలర్లతో అదుముతాం. అది గట్టిపడేలోగా రోలర్లను దాన్ని కరిగించే ఎసిటోన్ బకెట్లో ముంచి చేత్తో కడుగుతాం. సాయంత్రం ఆకుపచ్చ గ్లౌజులన్నీ కాఫీ గదిని వేడిచేసే రేడియేటర్ మీద ఆరేసి, పొద్దున మళ్లీ తొడుక్కుంటాం. చిరగని గ్లౌజును పారేయడం మా దగ్గర రొట్టె పారేసినంత తప్పు.

ఆ మార్చిలో ఒక పొద్దున ఇర్యా చేతిలోంచి రోలర్ జారి పడవ అచ్చులో పడింది. పదకొండేళ్లుగా రోలర్ పట్టిన మనిషి. వేళ్లు తెల్లబారి, కణుపుల దగ్గర పగిలి నెత్తురోడుతున్నాయి.

"ఎసిటోన్ గ్లౌజులోంచి లోపలికి దిగుతోంది మేస్త్రీ," అంది.

కాలెర్వో ఆమె గ్లౌజు లాక్కుని, నోటితో ఊది, బుడగలా ఉబ్బించి చెంపకు ఆనించుకున్నాడు. "పిసరంత గాలి పోవట్లేదు. గ్లౌజు నిక్షేపంగా ఉంది, నీ చర్మానికే రోగం. ఇంట్లో గిన్నెలు తోముకుని ఇక్కడికొచ్చి ఏడుస్తావా? రేపట్నుంచి రాకు."

మేం పద్దెనిమిది మందిమి మా బూట్ల వంక చూసుకున్నాం. సిగ్గులేకుండా చెబుతున్నాను, వినండి కుర్రాళ్లూ.

కాఫీ వేళ గొడవ మొదలైంది. "ఊదితే నిలిచిందిగా మరి," అన్నాను. బహుమతి వాణ్ణి కదా!

"నోర్ముయ్ యల్మారీ!" అన్నాడు మా కార్మిక ప్రతినిధి తూరే. "గాలి పోకపోతే ఎసిటోన్ కూడా పోదని నీకెవడు చెప్పాడు? రెసిన్ తూచే కాటా పట్రా. ఆ మేస్త్రిని కూడా పిలు."

మేస్త్రి వచ్చాక తూరే వెడల్పు మూతి సీసాలో ఎసిటోన్ పోశాడు. కొత్త గ్లౌజు కత్తిరించి ఆ ముక్కను మూతికి బిగించి తీగ చుట్టాడు. కాటా మీద రెండు పుల్లలు పెట్టి, వాటి మీద సీసాను తలకిందులుగా నిలబెట్టాడు.

యాలకుల బన్ను సగం తినేలోగా కాటా మీద చివరి అంకె తగ్గింది. మళ్లీ తగ్గింది. తూరే సీసా కింద వేలు పెట్టి తడిమాడు. చుక్క లేదు, చిల్లూ లేదు.

"చిల్లెందుకు మేస్త్రీ? రబ్బరులోకే ఇంకి అవతలికి వచ్చేస్తుంది. ఆరేస్తే పైతడి ఆరుద్ది. లోపల ఇంకింది రాత్రంతా లోపలికే పాకుద్ది. పొద్దున మేం తొడుక్కునేది గ్లౌజు కాదు, ఎసిటోన్ కట్టు. ఏ రబ్బరు ఎంతసేపు ఆపుతుందో రాసిన పట్టిక గ్లౌజుల పెట్టెతో వస్తుందిగా, ఏదీ?"

"ఆఫీసు బీరువాలో," అన్నాడు కాలెర్వో నేల చూస్తూ.

"మన ఆకుపచ్చ దానికి ఎంత రాసుంది?"

"ఒక నిమిషం... లోపు."

"మరి నల్ల బ్యూటైల్ రబ్బరుకు?"

"షిఫ్టంతా."

ఇక నేను ఒప్పేసుకున్నాను: నా గ్లౌజులు తొమ్మిదో రోజే చిరిగాయి. రేడియేటర్ మీద దొరికినవి దొరికినట్టు లాగేసుకున్నాను, అన్నిటిదీ ఒకటే రంగు కదా.

"ఓరి దొంగ సచ్చినోడా, నావి పోయింది నీ వల్లేనా! కాఫీ కక్కు!" అని నవ్వుతూ మీదపడ్డారు. ఇర్యా మాత్రం నవ్వలేదు.

పద్దెనిమిది జతలూ యజమాని బల్ల మీద కుప్పపోశాం. ఆయన ముక్కు మూసుకున్నాడు. "సరే, నల్లవి తెప్పిస్తాను. ఆ మనిషి మాత్రం వద్దు. ఆ చేతులు నాకెందుకు?"

ఇర్యా ముందుకొచ్చి పిడికిలి ఎత్తింది. "ఇవి నీ షెడ్లో పాడైన చేతులు! నీకు కాక ఎవరికి?"

"ఇర్యా లేకుండా రోలర్ ముట్టం!" అన్నాం.

బకెట్లకు మూతలు బిగించాం. మూడు పడవల్లో పూసిన రెసిన్ పూసినట్టే రాయైపోయింది. యజమాని అరుస్తూనే ఉన్నాడు. రెండో షిఫ్టు వాళ్లు వచ్చి, సంగతి విని, బట్టలు మార్చుకోకుండా మా పక్కన నిలబడ్డారు.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఇర్యా పిడికిలి ఎత్తలేదు. ఆ వేళ్లు అప్పటికే ముడుచుకునేవి కావు. చాచిన చేతులు అలాగే ఆయన ముందు పెట్టి నిలబడింది. పిడికిళ్లు మావి.