అమావాస్య ఆట

యేసుదాసు నోట్లోంచి నెత్తురు పడిన రోజు ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో అందరికంటే ముందు నోరు తెరిచింది యజమాని ఆదినారాయణ.

"విగ్రహాన్ని జరపండప్పా, బేగా! తెల్లరాయి. మరక పడితే పోదు."

విగ్రహం ఎవరో పెద్దమనిషిది. రెండు చేతులూ జోడించి నవ్వుతూ నిలబడి ఉంది. నలుగురు కలిసి ఆ రాతిమనిషిని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టారు. ఆ తర్వాతే, పద్నాలుగేళ్లుగా అదే షెడ్డులో రాయి కోస్తున్న యేసుదాసును నేల మీద నుంచి లేపారు. ఆ నలుగురిలో కోతపని చేసే నౌషాద్ ఒకడు.

షెడ్డు సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. కోత మిషను రాయి మీద తిరిగితే లేచే దుమ్ము మైదాపిండిలా ఉంటుంది. లోపలికి పోయిందంటే బయటికి రాదు. బ్లేడు మీద సన్నగా నీళ్లు పడుతుంటే ఆ దుమ్ము అక్కడే అణుగుతుంది. షెడ్డులో బోరు ఉంది, పైపు ఉంది, కుళాయి ఉంది. కానీ నీళ్లు వదిలితే ముందర బురద అవుతుంది. విగ్రహాలు చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ల బూట్లు పాడవుతాయి. అందుకని ఆదినారాయణ కుళాయికి తాళం వేయించాడు. బూట్ల కోసం మనుషుల ఊపిరితిత్తులు! వింటుంటే కడుపులో తిప్పుతుంది కదా? రోజూ చూసేవాళ్లకు తిప్పడం మానేసింది. అసలు రోత అక్కడుంది.

యేసుదాసును నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. రాతిదుమ్ము జబ్బన్నాడు డాక్టరు. యేసుదాసు భార్య జీవమ్మ కూడా అదే షెడ్డులో విగ్రహాలకు ఉప్పుకాగితం రుద్దే మనిషి. జబ్బు పని వల్లనే వచ్చిందని రాయమని ఆమె కార్మికుల ఆఫీసులో అర్జీ పెట్టింది. అలా రాస్తే వైద్యం షెడ్డు చేయించాలి, కుళాయి తాళం తీయాలి. ఆదినారాయణకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టని యజమానికి మేనల్లుడొకడు ఉంటాడు ఎప్పుడూ. ఈయన మేనల్లుడు ప్రవీణ్, షెడ్డు సూపర్వైజరు. దుమ్ము దూరని అద్దాల గదిలో కూర్చుని కోతపనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచాడు. నౌషాద్ వెళ్లేసరికి టేబుల్ మీద కాగితాల దొంతర ఉంది.

"పదిమందీ సంతకం పెట్టినారు నౌషాదూ. నువ్వే మిగిలింది," అని ప్రవీణ్ ఆ దొంతరను చేత్తో తట్టాడు.

కార్మికుల ఆఫీసు విచారణకు పంపే ఆ కాగితంలో ఉన్నది ఇదీ: యేసుదాసు ఆరునెలల కిందటే పనిలో చేరాడు, రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాడు. యేసుదాసా! పక్కవాడు బీడీ వెలిగిస్తే లేచి అవతలికి పోయే మనిషి.

"నేను పెట్టకపోతే?"

"ఏముంది, పదిమంది మాట ఒకటి, నీ మాట ఒకటి. ఆళ్లగడ్డలో షెడ్లు ఇంగ లేవా, ఆడ అడుక్కో. నీ గురించి ఫోన్ చేసి చెప్తాలే అందరికీ."

అందరూ పెట్టాక నేనొక్కడిని నిలబడి ఏం ఊడబొడుస్తాననుకున్నాడు నౌషాద్. అనుకోవడం ఎంతసేపు, సంతకం ఎంతసేపు? బయటికొచ్చి మిషను ఆన్ చేశాడు.

రాతిపనికి అమావాస్య సెలవు. ఆ రోజు ఉలి ముట్టరు. పాపభయం కొద్దీ ఆదినారాయణ కూడా ఈ ఒక్కదానికి అడ్డుచెప్పడు. ఆ రోజు నౌషాద్ నంద్యాలలో ఇంటిపట్టునే ఉంటాడు. డిగ్రీ చదివే చెల్లెలు తస్నీమ్ చాప పరిచి ఆట పెడుతుంది. కాలేజీలో నేర్చుకున్న ఆట. పలక ఉండదు, పావులుండవు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఏం చేయాలనేది వాళ్లిష్టం. చేసింది పారుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆ పాచికను రాతిముక్కతో చెక్కింది నౌషాదే.

కథలో నల్లకోట రాజ్యం. గుట్టల ఊరి జనం చేత కొండలు తొలిపించి కోట కట్టించుకుంటున్నాడు దొర. ఆ జనాన్ని కూడగట్టి దొర మీద తిరగబడాలి. నౌషాద్ మెరుపుకత్తి వీరుడు. తస్నీమ్ తోటి విద్యార్థి క్రాంతి కుమార్ మాంత్రికుడు. వాళ్ల నాయన ఏ ఊపులో పెట్టాడో ఆ పేరు, దాన్ని మోయలేక నానా తంటాలు పడేవాడు కుర్రాడు.

సంతకం పెట్టిన వారానికి వచ్చిన అమావాస్యనాడు మెరుపుకత్తి వీరుడు ఎవరికీ చెప్పకుండా కోటగోడ దూకాడు. పాచిక విసిరితే ఇరవై పడింది. దొర తల తెగింది. "విప్లవం వర్ధిల్లాలి!" అని క్రాంతి కుమార్ చాప మీద లేచి గంతేశాడు. నౌషాద్ కూడా నవ్వాడు. తర్వాత అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. షెడ్డులో పిల్లి, చాప మీద పులి. తన మీద తనకే అసహ్యం వేసింది.

తర్వాతి అమావాస్యకు జీవమ్మ కూడా ఆ ఇంట్లో ఉంది. నౌషాద్ తల్లి షంషున్నీసా రోజూ యేసుదాసుకు గంజి కాచి ఇస్తుంది. అది పట్టుకుపోవడానికి వచ్చింది. గంజి ఉడికేదాకా కూర్చోమని తస్నీమ్ చాప మీదికి లాగింది.

"నాకేం తెలుసు పాపా ఈ ఆటలు."

"ఎవరు కావాలంటే వాళ్లు కావచ్చక్కా. రాణివి కా, మంత్రగత్తెవి కా."

"రాళ్లు మోసేదాన్నే ఉంటాలే. ఆ పని వచ్చు."

తస్నీమ్ కథ ఎత్తుకుంది. దొర చచ్చిన మర్నాడే అతని మేనల్లుడు గద్దెనెక్కాడు. వీరులు గుట్టల ఊరికి వస్తే ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"దొరను చంపింది నేనే గదా! యాల తెరవరు?" అన్నాడు నౌషాద్.

"నువ్వు చంపి పోయినావ్ భయ్యా. సిపాయిలొచ్చి ఇంటికొకర్ని కొట్టినారు. గోడ దూకేముందు వాళ్లను ఒక్క మాటన్నా అడిగినావా?"

"ప్రజలకు చైతన్యం లేదు," అన్నాడు క్రాంతి కుమార్. "ఆయుధాలు పంచుదాం."

జీవమ్మకు నవ్వొచ్చింది. "ఆయుధం ఇచ్చేకైనా తలుపు తీయాల గదా నాయనా. నేను పోయి తట్టొచ్చా?"

"తట్టక్కా. ఎవరిది?"

"ముందు మనోనిదే తడతా. వీరుడైతే ఏం, వానికీ ఇల్లుంటుంది గదా." జీవమ్మ నౌషాద్ వైపు తిరిగి నేల మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది. "ఏమప్పా, దొరంటే ఇంత భయమేంది మీకు? మీ చేత ఏం చేయించుకున్నాడు?"

ఆమె ఆటగానే అడిగింది. నౌషాద్ ఏదైనా చెప్పొచ్చు. దొర నా పొలం గుంజుకున్నాడనొచ్చు, నా గుర్రాన్ని చంపాడనొచ్చు. వంటింట్లో గంజి కుతకుతమంటోంది. అది ఎవరికోసమో అతనికి తెలుసు.

"సంతకం పెట్టించుకున్నాడు," అన్నాడు. "యేసుదాసన్న బీడీలు తాగుతాడని. పనిలో చేరి ఆర్నెల్లే అయిందని."

"భయ్యా, కథలో అట్లా..." అనబోయి తస్నీమ్ ఆగిపోయింది.

జీవమ్మ లేచింది. పెరట్లోకి పోయి ఉమ్మింది. నోరు పుక్కిలించింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆయప్ప ఆడ మంచంలో పండుకొని నిన్నే అడుగుతాండాడు. నౌషాదు మూతికి గుడ్డ కట్టుకుంటాండాడా, చిన్నోడు, చెప్పు వానికి అని." ఆమె పైటకొంగుతో మూతి తుడుచుకుంది. "ఎంతమంది పెట్టినారు?"

"పదకొండు మందీ. నేనే చివర."

"తక్కిన పదిమంది ఇండ్లు నాకు ఎరుకే. తలుపు నేను తడతా. నాకు చెప్పిందే నువ్వు ఆడ చెప్పు."

"కొడతారక్కా."

"కొడితే పడు."

నేనూ వస్తానన్నాడు క్రాంతి కుమార్. "రా, కానీ నోరు తెరవద్దు," అంది జీవమ్మ. అతను ఆ రోజంతా నోరు తెరవలేదు. అంతకంటే పెద్ద విప్లవ కార్యం అతను అప్పటిదాకా చేసి ఉండడు.

గంజి ఆసుపత్రిలో ఇచ్చేసి, బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగారు. మొదటి ఇల్లు నిజాముద్దీన్‌ది. షెడ్డులో అందరికంటే పెద్దవాడు. నౌషాద్ తలవంచుకుని చెప్పాడు. తిడతాడనుకుంటే ముసలాయన కళ్లు పెద్దవి చేశాడు.

"నువ్వు చివర యాడైతావురా? చివరోణ్ణి నేను గదా! పదిమందీ పెట్టినారు చాచా, నువ్వే మిగిలింది అన్నాడే ప్రవీణ్!"

రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లోనూ అదే. పొద్దు వాలేలోగా పది తలుపులూ తట్టారు. పదకొండు మందీ చివరివాళ్లే. మొదటివాడెవడో ఎవడికీ తెలియదు. వాడి ముందు ప్రవీణ్ తట్టిన దొంతరలో ఉన్నవన్నీ తెల్లకాగితాలే అయి ఉండాలి. తెల్లకాగితాలకు జడిసి పదకొండు మంది మగాళ్లు ఒక మనిషిని అమ్మేశారు. థూ!

అందరూ నిజాముద్దీన్ వాకిట్లో చేరారు. విగ్రహాలకు మెరుగుపెట్టే ఆడవాళ్లు కూడా జీవమ్మ వెంట వచ్చి గోడవారన నిలబడ్డారు. వాదన మొదలైంది.

"ఇప్పుడు అబద్ధమని చెప్తే కేసు మన మీదే పడుతుందప్పా."

"పడితే పడనీ. వాడు మనల్ని వెర్రోళ్లను చేసినాడు!"

"బిడ్డలున్నారు నాకు. పని పోతే ఏం తినేది?"

"యేసుదాసుకు లేరా బిడ్డలు?"

నౌషాద్ వాకిలి మధ్యకు వచ్చాడు. "మీరెవురూ రావద్దు. విచారణలో నేనొక్కణ్ణే చెప్తా. ఏమైనా నాకే కానీ."

"మళ్లీ గోడ దూకుతాండావా?" అని కసిరింది జీవమ్మ. "నువ్వొక్కడివి చెప్తే నువ్వే అబద్ధాలోడివి, వాళ్లు పదిమందీ సత్తెవంతులు. అంతే గదా ఐతాది!"

నౌషాద్ వెనక్కి తగ్గి అరుగు మీద కూర్చున్నాడు.

"మిమ్మల్ని మన్నించేకి రాలేదు నేను," అంది జీవమ్మ అందరి వైపూ తిరిగి. "నా మొగుని ఊపిరి యాడ పోయిందో మీకు తెలుసు. తెలిసి రాసినారు. రేపు మీరు దగ్గితే మీ మీద ఎవురు సంతకం పెడతారో చూసుకోండి."

నిజాముద్దీన్ తల పాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "రేపేందమ్మా," అన్నాడు. "రెండేండ్లుగా దగ్గుతాండా. షెడ్డులో తెలిస్తే తీసేస్తారని మిషన్ మోతలోనే దగ్గుతా." అతని పక్కవాడు నేల చూపులు చూస్తూ నేనూ అంతేనన్నాడు. ఇంకొకడు. ఇంకొకడు. తను కూడా మిషను ఆన్ చేశాకే దగ్గుతాడని నౌషాద్ ఆ వాకిట్లో మొదటిసారి పైకి చెప్పాడు.

విచారణ రోజున కోతపనివాళ్ల కోసం ఆదినారాయణ వ్యాను పెట్టించాడు. ఒక్కడూ ఎక్కలేదు. బస్సులో నంద్యాల వచ్చి, కార్మికుల ఆఫీసు ముందు దిగితే, ఆదినారాయణే దోసెల పొట్లాలతో ఎదురొచ్చాడు. "తినండప్పా, తిని నిదానంగా చెప్పండి." నెత్తురు మరక గురించి కేకేసిన నోరే అది. ఎంత తియ్యగా పలికిందో! నౌషాద్ ఆ పొట్లం ముట్టలేదు.

అధికారి మొదట నిజాముద్దీన్‌ను పిలిచాడు. కాగితం చూపించాడు. "ఈ సంతకం నీదేనా?"

"సంతకం నాదే సార్. మాట నాది గాదు. యేసుదాసు పద్నాలుగేండ్లు నా పక్కనే రాయి కోసినాడు. బీడీ ముట్టడు."

ఆదినారాయణ కుర్చీలోంచి లేచాడు. అధికారి కూర్చోమన్నాడు. "అబద్ధపు వాంగ్మూలం ఇవ్వడం నేరం. తెలుసా పెద్దాయనా?"

"తెలుసు. చేసినాము. రాసుకో సార్. ఏ గదిలో ఎవురు చేయించినారో అది గూడా రాసుకో."

రెండోవాడు అదే చెప్పాడు. మూడోవాడు తడబడుతూనే చెప్పాడు. ప్రవీణ్ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. నౌషాద్ వంతు వచ్చేసరికి ఆదినారాయణ ఆగలేకపోయాడు.

"అన్నం పెట్టిన చేతినే కరుస్తారా రా! ఈ పూట నుంచి మీకు పని లేదు. పదకొండు మందినీ తీసేస్తాండా!"

"అది గూడా ఈ సారు ముందరే అన్నావ్, మంచిది," అన్నాడు నౌషాద్. తన సంతకం అబద్ధమని చెప్పాడు. చెప్పి కదలలేదు. "ఇంకోటి రాసుకో సార్. నా పేరు నౌషాద్. తొమ్మిదేండ్లుగా నీళ్లు లేకుండా రాయి కోస్తాండా. నాలుగు నెలలుగా దగ్గుతాండా."

"అది ఈ కేసు కాదు కదయ్యా."

"అయితే ఇంగో కేసు రాయి సార్."

నిజాముద్దీన్ మళ్లీ వచ్చి నౌషాద్ వెనక నిలబడ్డాడు. అతని వెనక మరొకడు, ఆ వెనక మరొకడు. గది నిండి వరుస వరండాలోకి పోయింది. కోతపనివాళ్లు అయిపోయాక కూడా వరుస తెగలేదు. మెరుగుపెట్టే ఆడవాళ్లు వచ్చి కలిశారు. వాళ్లకు ముందు విజయమ్మ ఉంది. ఆమె జుట్టు పాయల్లో రాతిపొడి తెల్లగా ఉంది.

"మీరెవరమ్మా? మీ వాంగ్మూలాలు నా దగ్గర లేవే?" అన్నాడు అధికారి.

"యాడుంటాయి సార్? అబద్ధం రాయించేకి గూడా మమ్మల్ని పిలవలేదు వాళ్లు. పన్నెండేండ్లుగా ఆ దుమ్ములోనే ఉండాము, ఏ రిజిస్టర్లో మా పేర్లు లేవు." విజయమ్మ బల్ల అంచు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. "నీ పుస్తకంలోనైనా మా పేర్లు మొదలుపెట్టు. తొమ్మిదిమందిమి ఉండాము. రాసేదాకా ఈడ్నుంచి కదలము."