తల్లి అన్న గడిలో

ట్యూబులు తారుమారయ్యాయని కురలాయ్ తేల్చేసింది. తేల్చుకుని ఊరుకుంటే పోయేది, ఆ మాట సాబిరా అక్క మొహం మీదే అనేసింది. అక్కడ మొదలైంది గొడవ.

సాబిరా అక్క ముప్పై ఒక్కేళ్లుగా ఆ ల్యాబులో నెత్తురు ట్యూబులు సర్దుతున్న మనిషి. అల్మాటీలో సగంమంది జీవశాస్త్రవేత్తలకి పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే, కురలాయ్‌తో సహా.

"ఏమిటీ, నేను మార్చానా?" చేతి తొడుగులు పీకి బల్ల మీద కొట్టింది. "జర్మనీలో నాలుగేళ్లుండి వచ్చావని కళ్లు నెత్తికెక్కాయే నీకు! పరీక్ష తప్పి ఏడుస్తుంటే టీ కాచి పోసిన చేతులివి."

"అక్కా, నిన్నెవరేమన్నారిప్పుడు..."

"అన్నావుగా ఇప్పుడే!"

ఇంతకీ జరిగిందేమిటంటే, జర్కెంట్ అవతల ఒక పల్లె నుంచి గౌహర్ అనే నాలుగేళ్ల పిల్లని ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఇంకా మాట రాలేదు. రోజుకి నాలుగైదుసార్లు ఫిట్స్. డాక్టర్లు ఆ పిల్ల నెత్తురు కురలాయ్‌కి పంపారు, ఎందుకంటే కురలాయ్ పనంతా మెదడు కణాల మీద ఉండే రిసెప్టర్ల గురించే. పక్క కణం నుంచి కబురందగానే తెరుచుకుని, పని కాగానే మూసుకోవాల్సిన బుల్లి తలుపులవి. గౌహర్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ జన్యువుని కప్ప గుడ్లలో పెట్టి కరెంటు కొలిచి చూస్తే, తలుపు తెరుచుకోవడం బాగానే తెరుచుకుంటోంది, మూసుకోవడమే మరిచిపోతోంది. తెర మీద ఆ గీత చూసిన రోజున కురలాయ్ కూర్చోలేక కారిడార్లో పచార్లు చేసింది. ఎదురుగా మనిషి నిలబడితే పట్టించుకోదుగానీ, ఒక గీత వంకర పోయిందంటే తిండి మానేసి దాని వెంట పడుతుంది. అదీ ఆవిడ తత్వం.

మారిన అక్షరం ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలిగా. ఫారంలో తండ్రి అన్న గడిలో తోలెగెన్ అనీ, తల్లి అన్న గడిలో బీబినూర్ అనీ ఉంది. ఆ ఇద్దరి నెత్తురూ చూస్తే ఎవరిలోనూ ఆ మార్పు లేదు. ఇంకేం, పిల్లలో కొత్తగా పుట్టిన మార్పన్నమాట. ఇంట్లో మరొకరికి వచ్చే భయం లేదని ఉత్తరం కూడా తయారైంది. సంతకం పెట్టే ముందు మామూలుగా చేసే సరిపోలిక ఒకటుంది. పిల్లలో సగం తల్లిది, సగం తండ్రిది కనిపించాలి. ఇక్కడ మాత్రం తోలెగెన్‌ది పావు, బీబినూర్‌ది పావు. మిగతా సగం ఎవరిదో దేవుడికెరుక. అందుకే ట్యూబులు మారాయంది.

మళ్లీ నెత్తురు ఇవ్వడానికి అందరూ బస్సెక్కి వచ్చారు. తోలెగెన్ సంతలో గొర్రెల్ని అమ్మేవాడిలా ధీమాగా చెయ్యి చాపి, ఇచ్చేసి, పొగ తాగడానికి బయటికి పోయాడు. బీబినూర్ ఒళ్లో గౌహర్ కూర్చుని ఉంది. నలభై ఏడేళ్ల బీబినూర్‌కి నాలుగేళ్ల పిల్ల ఉండటం పెద్ద వింతేం కాదు. పక్కన కోడలు మోల్దిర్ నిలబడింది. ఇరవై మూడేళ్లుంటాయి. మూడో నెల. మెట్టినింటివాళ్ల పేర్లు కోడళ్లు పలకరు గనక ఆడపడుచుని "దొరసానీ, దొరసానీ" అంటూ జారిపోయిన మేజోడు తొడుగుతోంది.

నెత్తురు తీయడం అయ్యాక ఆ కోడలు కురలాయ్ వెనకాలే కారిడార్లోకి వచ్చింది.

"డాక్టరుగారూ, మీరు చెప్పిన ఆ తలుపు సంగతి... ఇంట్లో ఇంకెవరికైనా పుట్టే పిల్లలకి కూడా రావచ్చా?"

"ఎవరికి?"

మోల్దిర్ చెయ్యి కడుపు మీదికి పోయింది. "ఊరికే అడిగాను."

"నీకా? నువ్వు ఆ పిల్లకి వదినవి. నీ కడుపులో బిడ్డకీ దీనికీ సంబంధమే లేదు. హాయిగా నిద్రపో."

మొహం తేటపడాల్సింది, పడలేదు. ఈ వదినగారికి ఇంత ఆరాటమేమిటో కురలాయ్‌కి అంతు పట్టలేదు. కాసేపు ఆలోచించి, గీతల దగ్గరికి వెళ్లిపోయింది.

రెండోసారీ అదే లెక్క. పావు, పావు.

"ఇప్పుడేమంటావు?" అంది సాబిరా అక్క గెలిచిన కంఠంతో. టీలో పాలు పోసి, పిండి ముద్దల్ని నూనెలో వేయించిన బౌర్సాకుల పళ్లెం ముందుకి తోసింది. కోపం పోయిందని గుర్తు.

కురలాయ్ బౌర్సాకు నములుతూ బోర్డు మీద గీసుకుంటూ కూర్చుంది. ట్యూబులు మారితే అసలు పోలికే ఉండకూడదు. ఉంది. పిల్ల దగ్గర ప్రతి చోటా రెండేసి అక్షరాలుంటే, అందులో ఒకటి ఎప్పుడూ ఈ జంట నుంచే వస్తోంది. రెండోది ఎప్పుడూ పరాయిదే. పరాయిది మళ్లీ ఎక్కడ చూసినా ఒకే మనిషిదిలా ఉంది. భలేగా ఉందే ఇది!

"మీ పెద్దన్నయ్యని చిన్నప్పుడు ఏమని పిలిచేదానివే?" అని అడిగింది సాబిరా అక్క ఉన్నట్టుండి.

"బాబాయ్ అని. నాయనమ్మే పెంచిందిగా. వాడు మా నాన్నని అన్నయ్యా అనేవా..."

నోట్లో బౌర్సాకు అలాగే ఉండిపోయింది.

"ఆఁ," అంది సాబిరా అక్క. "మొదటి మనవరాలు నాయనమ్మ ఇంటి బిడ్డే, మన పాత ఆచారమేగా. అత్తమామలు తెచ్చుకుని సొంత బిడ్డలా పెంచుకుంటున్నారు. తల్లెవరని ఫారంలో అడిగావు, పిల్ల ఎవర్ని అమ్మా అంటుందో ఆవిడ పేరు రాశారు. వాళ్లేం చేస్తారు పాపం?"

తోలెగెన్, బీబినూర్‌లు తాతా నాయనమ్మలు. పరాయి సగం మోల్దిర్‌ది. సొంత అన్నని పదేళ్లదాకా బాబాయ్ అని పిలిచిన మనిషి, కురలాయ్, జర్మన్ల ఫారాన్ని మక్కీకి మక్కీ దించి పప్పులో కాలేసింది! ముందు పకపకా నవ్వొచ్చింది. మరుక్షణం కారిడార్లో తనన్న మాట గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. నీ బిడ్డకీ దీనికీ సంబంధమే లేదు, హాయిగా నిద్రపో. ఆ పిల్ల తల్లితో అంది ఆ మాట. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి ఫోను అందుకుంది.

వాళ్లు మళ్లీ బస్సెక్కి వచ్చారు. సంగతి విని ఈసారి బీబినూర్ అగ్గి మీద గుగ్గిలమైంది.

"అబద్ధం రాశానంటారా? పుట్టిన నలభయ్యో రోజు నుంచి నా పక్కలో పడుకుంది! ఒళ్లు కాలితే లేచింది నేను. ఫిట్స్ వస్తే నాలిక కరుచుకోకుండా పక్కకి తిప్పి పట్టుకునేది నేను. తల్లి కాకపోతే నేనెవర్ని?"

"తల్లి మీరేనమ్మా," అంది కురలాయ్. "తప్పు నాది. అడగాల్సిన తీరులో అడగలేదు."

"మరి కాగితం మీద పేరు మారిస్తే..." బీబినూర్ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుపోతారా?"

"ఎవరూ తీసుకుపోరు. ఆ అక్షరం తల్లిదండ్రుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే రాబోయే బిడ్డకీ రావచ్చు. నాకు కావలసింది మీ అబ్బాయి నెత్తురు, మీ కోడలి నెత్తురు. అంతే."

మోల్దిర్ తలెత్తలేదు. అత్తగారు ఊఁ అనందే ఆ కుర్చీలో కూర్చోదు. బీబినూర్ గౌహర్ జుట్టు సవరించింది. తర్వాత లేచి, కోడల్ని భుజం పట్టి కూర్చోబెట్టి, తనే చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"చాపు," అంది.

మోల్దిర్ మొగుడు సయాన్ నెత్తురులో ఏమీ లేదు. మోల్దిర్ దాంట్లోనూ లేనట్టే. కానీ ఆ ఒక్క అక్షరం దగ్గర, పెద్ద గీత కింద, చిన్న బుడిపె ఒకటి ఉంది. కురలాయ్ కళ్లద్దాలు తుడిచి చూసింది. సాబిరా అక్కని పిలిచి చూపించింది.

"దుమ్మేమో," అంది అక్క.

"దుమ్ము కాకపోతే?"

ఒక్కో చోటుని వేలసార్లు చదివే యంత్రం వేరే భవనంలో ఉంది. దానికి నెలపైన వరస. ఈలోగా మోల్దిర్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. బుడిపె ఉంది, అదేమిటో ఇంకా తెలీదు, పదహారో వారంలో కడుపులోని నీరు తీసి బిడ్డనే చూద్దామంది. మోల్దిర్ సరేనంది. ఆ ఐదు వారాలూ ఆ అమ్మాయి ఎలా గడిపిందో తనకే తెలియాలి. కురలాయ్‌కి మాత్రం రోజూ పొద్దున్నే బుడిపె ఏమిటో తెలుసుకోవాలని ప్రాణం లాగేది, ఆ లాగినందుకే సిగ్గేసేది.

రెండు ఫలితాలూ ఒకే రోజు చేతికొచ్చాయి. అత్తాకోడళ్లు గౌహర్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు.

"బిడ్డకి ఆ మార్పు లేదు," అని మొదట అదే చెప్పింది కురలాయ్.

బీబినూర్ రెండు అరచేతులతో మొహం తడుముకుని, దేవుడికి దండం పెట్టి, వలవలా ఏడ్చేసింది. మోల్దిర్ ఏడవలేదు. ఊపిరి వదిలి అడిగింది.

"మరి దొరసానికి ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఈ మాట ఎలా చెప్పాలో కురలాయ్ పొద్దుట్నుంచీ కూడబలుక్కుంటూనే ఉంది. "అది దుమ్ము కాదు మోల్దిర్. నీ ఒంట్లో నూటికి ఏడు కణాల్లో ఆ అక్షరం అలాగే ఉంది. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఎప్పుడో మారింది. ఎవరి తప్పూ కాదు. నీ తప్పు అసలే కాదు."

"అంటే నా దగ్గర్నుంచే వచ్చిందా?"

"అవును. కానీ నువ్వు మనసులో..."

"నాదేనా అది?" మోల్దిర్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. అత్తగారు పక్కనే ఉన్నారన్న సంగతే మరిచిపోయింది. "నాలుగేళ్ల నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ కళ్లు తాతవి, గడ్డం నాయనమ్మది, నడక మా ఆయనది అంటారు డాక్టరుగారూ. నేను అక్కడే టీ పోస్తూ వింటాను. నాదంటూ ఒక్కటీ లేదే అనుకునేదాన్ని. జబ్బైతే జబ్బే అనుకోండి. నాదేగా."

అనునయంగా నచ్చజెబుదామని కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ కురలాయ్‌కి అక్కరకి రాలేదు.

బీబినూర్ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుని, గౌహర్ జుట్టు చెవి వెనక్కి తోసింది.

"చెవులు నీవేనే," అంది కోడలి వైపు చూడకుండా. "పుట్టిన రోజే చూశాను. చెప్పలేదు."