తేరింది అనే మాట

పెళ్లయి నలభై రోజులైనా కొత్త కోడలికి కాళ్లు నేలమీద ఆనడం లేదు. మొగుడితో ఒకే కప్పులో టీ చెరిసగం తాగడం, అత్తగారి ముందు అతన్ని "మీరు" అని, గుమ్మం దాటగానే "నువ్వు" అనడం, ఇంటి వెనక షెడ్డులో గానుగ తిరుగుతుంటే నువ్వుల వాసన జడకు పట్టడం, అన్నీ ఆమెకు ముచ్చటే.

కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది కనుక, వచ్చిన వారంలోనే నూనె శుద్ధి చేయడానికి గుడ్డతో వడపోత పెడదామని సలహా చెప్పింది. అత్తగారు నవ్వి, వడకట్టడం వేరు, తేర్చడం వేరన్నారు. గానుగ దిగిన నూనెను పొడవాటి పీపాలో పోసి వదిలేస్తే మడ్డి తనంతట తానే అడుక్కు చేరుతుంది, తేట పైన మిగులుతుంది. మనం చేయాల్సిందల్లా దాని జోలికి పోకుండా ఉండటమే. అదే కష్టమట.

షెడ్డులో ఇంకో కట్టుబాటు ఉంది. "తేరింది" అన్న మాట అత్తగారు తప్ప ఎవరూ అనకూడదు. అది చెవిన పడగానే కొడుకు పీపా కుళాయి తిప్పి సీసాలు నింపుతాడు. మిగతావాళ్లు నూనె మెరుస్తోందనుకోవచ్చు, మురిసిపోవచ్చు, ఆ ఒక్క మాట మాత్రం మింగెయ్యాలి.

మంగళవారం అత్తగారు పక్కింటికి వెళ్లారు. కిటికీలోంచి ఎండ పీపాకు ఎదురెదురుగా ఉన్న గాజుపట్టీల మీద పడి నూనె బంగారంలా వెలిగింది. ఆ అందం చూసి కోడలు నోరు జారింది.

"అబ్బ, ఎంత బాగా తేరింది."

అటు తిరిగి లేబుళ్లు అంటిస్తున్న మొగుడి చెయ్యి, చిన్ననాటి అలవాటు కొద్దీ, కుళాయి మీదికి పోయింది. ఆమె హుషారుగా సీసాలు అందించింది. పన్నెండోది వెలుగులో పెట్టి చూస్తే ఏముంది, బియ్యం కడిగిన నీళ్లలా మసక. సరుకు ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లాలి.

అత్తగారు వచ్చి చూసి, ఎవరన్నారని అడిగారు.

"నేనేనమ్మా," అన్నాడు కొడుకు.

"ఆయన కాదత్తయ్యా, నేను."

అబద్ధం ఆడటం నీకెప్పుడు చేతనైంది గనక అని కొడుకును ఒక్క మాట అని, ఆవిడ పన్నెండు సీసాలూ తిరిగి పీపాలో పోయించారు. దుకాణదారుకు ఫోన్ చేసి గురువారం పంపుతామన్నారు. తిట్టనైనా తిట్టలేదు, అదే కోడల్ని ఎక్కువ బాధించింది. ఇక తనను పీపా దరికి రానివ్వరేమోనని రెండు రోజులు మొహం వేలాడేసుకుంది. "నీ మాటకు కుళాయిలే తిరుగుతున్నాయి, ఇంకేం కావాలి," అని మొగుడు ఆటపట్టించినా నవ్వలేదు.

గురువారం మధ్యాహ్నమే దుకాణం వ్యాను గేటు ముందు నిలబడి హారన్ కొట్టింది. మొగుడు కుళాయి దగ్గర సిద్ధంగా ఉన్నాడు.

"అమ్మాయ్, నువ్వు చూడు," అన్నారు అత్తగారు.

కోడలు ఒక వార్తాపత్రిక మడిచి అవతలి గాజుపట్టీకి ఆనించి, ఇవతలి పట్టీలోంచి కళ్లు చికిలించి చూసింది. పెద్ద అక్షరాలు హాయిగా చదవొచ్చు. చిన్న అక్షరాల అంచుల్లో మాత్రం సన్నని పొగలాంటిది. హారన్ మళ్లీ మోగింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే వ్యాను వెళ్లిపోతుంది, మంగళవారం సంగతి అందరూ మరిచిపోతారు.

"ఇంకా తేరలేదత్తయ్యా," అంది.

అత్తగారు వంగి చాలాసేపు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి నడిచారు.

"రేపు రా బాబూ. మా కోడలు ఇంకా తేరిందనలేదు."

కోడలుగారు అనకపోతే మీరే అనేయొచ్చుగా అని డ్రైవరు గొణిగాడు.

"నేనెలా అంటాను, ఈ పీపా దానిదైతే," అన్నారావిడ.