మా ఆయన కటాఫ్ డేటు

టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో ఆ వార్త వచ్చేసరికి మా ఆయన చెక్కు రాస్తున్నారు. అంకె వేశారు, అక్షరాల్లో రాశారు, ఇక సంతకమే తరువాయి. చదువు అప్పులు మాఫీ చేసే ఆలోచనలో ప్రభుత్వం ఉందట. ఆయన పెన్నుకు మూత పెట్టేశారు.

"ఏటండీ, సంతకం?" అన్నాను.

"ఆగవే. సర్క్యులర్ రానీ."

మా ఆయన వరాహనరసింహం గారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు అకౌంట్సులో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఆఫీసులో మనిషి జాతకమంతా కటాఫ్ డేటులోనే ఉంటుంది. ఫలానా తారీఖు లోపు చేరినవాడికి పాత పెన్షను, మర్నాడు చేరినవాడికి కొత్తది. ఆయన సొంత తమ్ముడు ఒక్క రోజు తేడాతో పాత పెన్షను పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఏ డబ్బు కట్టాల్సి వచ్చినా, ఆగితే ఏమైనా కలిసొస్తుందేమోనని ఈయన కూర్చుని ఆలోచిస్తారు. కరెంటు బిల్లు దగ్గర కూడా అంతే. ఈ మనిషితో కాపురం చేసినందుకు రైల్వేవాళ్లు నాకేదైనా అలవెన్సు ఇవ్వాలి.

ఆ చెక్కు మా అమ్మాయి సాహిత్య చదువు అప్పుది. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ నెలనెలా అదే కట్టుకొచ్చింది. మిగిలిన రెండు లక్షలూ తన డిపాజిట్టు తీసి కట్టేస్తానని ఈయన మాటిచ్చారు. రైల్వేవాళ్లం, బతుకంతా క్వార్టర్స్‌లో గడిచింది, ఇప్పుడు సుభాష్‌పల్లిలో అద్దెకున్నాం. తాకట్టు పెట్టడానికి మాకంటూ గోడ ముక్క కూడా లేదు. అప్పట్లో బ్యాంకువాళ్లు తాకట్టు అడిగితే, ఖరిదా బజార్లో కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావు గారు తన కొట్టు కాగితాలు తెచ్చి పెట్టారు. ఇప్పుడు ఆయన కూతురు వెన్నెలకి నర్సింగులో సీటొచ్చింది. అదే బ్యాంకు, అవే కాగితాలు. మా అప్పు తీరితేనే ఆ పిల్లకి అప్పు పుడుతుంది.

"మరి వెన్నెల మాటేటి?" అన్నాను.

"ఇయాళ కట్టేసి రేపు మాఫీ అంటే రెండు లక్షలు గంగలో పోసినట్టే. అది మన డబ్బు కాదేటి?"

కాసేపటికి మా వరండా జనరల్ బోగీలా నిండిపోయింది. ముందుగా ఎదురింటి కిరణ్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు. ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగం దొరక్క టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడుపుతున్నాడు. మాఫీ చేయాలని కోరుతూ రాసిన అర్జీ వాడి చేతిలో ఉంది. వాడి మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది జరిగితే మా అమ్మ మళ్లీ ఫోను ఎత్తుతాది ఆంటీ. బ్యాంకోళ్లేమోనని భయపడి మోగుతున్నా ముట్టుకోటం లేదు. అంకుల్, ఒక సంతకం పెట్టండి."

పక్కింటి రాజశేఖర్‌కి కాలిపోయింది. "రెండు పూటలా మరమరాలు తిని నా అప్పు కట్టినాను. ఇప్పుడు నీది కూడా నా టాక్సులోంచి కట్టాలా?"

"నాకు ఉద్యోగం ఇప్పించు దాదా, నేనూ మరమరాలే తింటాను."

ఎవరు మాట్లాడితే వాళ్లదే న్యాయమనిపించి నా గుండె అటూ ఇటూ పరుగెత్తింది. మా ఆయన కిరణ్ పక్షాన అందుకున్నారు, కట్టలేనివాడి పీక పట్టుకుంటే ఏమొస్తుందని. రాజశేఖర్ నవ్వాడు. "మీ రెండు లక్షలు మిగులుతాయి కదండీ, మీరు అలాగే అంటారు." ఈయన గతుక్కుమన్నారు. సంతకం సంగతి తర్వాత చూద్దామని అర్జీ పక్కన పెట్టారు.

అంతలో నగరేశ్వరరావు గారే వచ్చారు. "వార్త సూసినాను. వస్తే మంచిదే కదండీ. మీరు ఆగండి, పరవాలేదు," అన్నారు. కూతురి ఊసే ఎత్తలేదు. నేనిచ్చిన టీ కూడా సగంలో వదిలేసి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. ఇంత మర్యాద దేనికి, ఎవరిని ఉద్ధరించడానికి?

ఆ మర్యాద కూతురికి అబ్బలేదు, బతికించింది. వెన్నెల సైకిలు గేటుకి ఆనించి, రొప్పుతూ సరాసరి మా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"అంకుల్, మీ కటాఫ్ డేటు ఎప్పుడు?"

"ఇంకా ప్రకటించలేదమ్మా."

"నాది ప్రకటించేసినారు. రేపు నాలుగింటికి."

మా ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "రాతలో ఉందా?" ఆ పిల్ల ఫోను చూపించింది. కాలేజీ పంపిన మెసేజి మొదటినుంచి చివరిదాకా చదివారు. గడువు పొడిగించబడదన్న వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివారు.

"మా తమ్ముడికీ ఒక్క రోజే తక్కువైంది," అన్నారు మెల్లగా. వెంటనే చెక్కు మీద సంతకం గీకి లేచారు. "కిరణూ, టోటో తియ్యరా. బ్యాంకు మూసేస్తారు."

నలుగురం ఎక్కాం. ఖరిదా దారిలో గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకీ తరగదు. జన్మంతా రైల్వే ఉప్పు తిన్న మనిషి గూడ్సు బండిని తిట్టడం మొదటిసారి విన్నాను. నాకు నవ్వూ ఆగలేదు, కంగారూ ఆగలేదు. గేటు లేవగానే కిరణ్ బజార్లోంచి దూసుకుపోయాడు. నగరేశ్వరరావు గారు మమ్మల్ని చూసి, గల్లాపెట్టె అలాగే వదిలేసి టోటో వెనక పరుగందుకున్నారు.

కౌంటరు మూయబోతున్న గుమస్తా చేతిలో మా ఆయన చెక్కు పెట్టారు. అప్పు తీరిపోయిందని మేనేజరు కాగితం మీద ముద్ర వేసి, పొద్దున్నే రమ్మని వెన్నెలతో చెప్పాడు. ఆ పిల్ల నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది. నేను ఏడ్చేశాను. నగరేశ్వరరావు గారు మా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

బయట కిరణ్ టోటో సీటు తుడుస్తున్నాడు. ఇందాకటి వెలుగు వాడి మొహంలో లేదు. ఒకడు కట్టేశాడంటే మాఫీ అడిగే గొంతు ఒకటి తగ్గినట్టే కదా.

"ఆ అర్జీ ఏదిరా?" అన్నారు మా ఆయన.

"ఎందుకంకుల్, మీకిప్పుడు అప్పు లేదు కదా."

"అందుకే. ఇందాక పెట్టుంటే నా డబ్బు కోసం పెట్టినట్టు. ఇప్పుడు పెడితే ఏ రాజశేఖరూ నన్ను ఏమీ అనలేడు."

టోటో హ్యాండిలు మీద కాగితం ఆనించి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టారు. వెంటనే కాలినడకనే ఇంటి దారి పట్టారు, రాజశేఖర్ చేత కూడా పెట్టించాలని. కిరణ్ టోటో అక్కడే వదిలేసి ఆయన వెంట పరుగెత్తాడు.